కంచాల మోత

ముదినేపల్లి మండలంలో ఎటు నడిచినా చేపల చెరువే. మా బడికి మూడు వైపులా చెరువులు, నాలుగో వైపు రోడ్డు. ఆ రోడ్డు మీద హౌరా పోయే ఐసు లారీల నంబర్లన్నీ రెండో తరగతి పిల్లాడొకడు గడగడా అప్పజెప్పేవాడు. నీ పేరేంటని అడిగితే మాత్రం పలికేవాడు కాదు.

మధ్యాహ్న భోజనం వేళ అయ్యేసరికి కేకలు మొదలు. పలకలు విసిరేవాడు, బల్ల కింద దూరేవాడు, పట్టుకోబోతే కొరికేవాడు. రెండు తరగతులు, ఇరవై ఏడుగురు పిల్లలు, నేనొక్కదాన్నే. ఓ రోజు పక్కపిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికాడు. సాయంత్రం ఆ పిల్ల తాతగారు గుమ్మంలో నిలబడి, "మా మనవరాలిది చదువు కాదా అమ్మా?" అన్నారు. ఆయన కోపంలో తప్పేమీ లేదు.

మర్నాడు వాడి తల్లితో, "కొన్నాళ్లు ఇంటి దగ్గరుంచమ్మా" అన్నాను.

"ఆయన చేపల పట్టుబడికి పోతాడు, నేను కూలికి పోతాను. వీణ్ణి ఏ చెరువు గట్టున కూర్చోబెట్టమంటారు టీచరుగారూ?" అంది.

నాలుగు రోజులు వాడు రాలేదు. తరగతి నెమ్మదించింది. నాకు హాయిగానే ఉంది, దాచుకోను. పంపించెయ్యలేదు కదా, ఉంచమన్నాను కదా అని సర్ది చెప్పుకున్నాను. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసెయ్యకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మేం పేరు తీసెయ్యం. రిజిస్టర్లో పేరుంటుంది, బల్ల మీద పిల్లాడుండడు.

అయిదో రోజు మండలంలోని భవిత కేంద్రం నుంచి ప్రత్యేక ఉపాధ్యాయురాలు వచ్చింది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, కాంట్రాక్టు ఉద్యోగం. కబురు పెట్టి వాణ్ణి రప్పించింది. నాకు ఒక్క సలహా ఇవ్వకుండా పొద్దుటి నుంచి వెనక బల్ల మీద కూర్చుంది. వంటావిడ స్టీలు కంచాల దొంతర తెచ్చి వరండా గచ్చు మీద ధన్‌మని దించింది. వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. "మేడమ్, అదే" అందామె.

ఆ మోత నేను ఏళ్ల తరబడి రోజూ వింటున్నదే. మర్నాటి నుంచి కంచాలు గోనెపట్టా మీద దించమన్నాం. పది నిమిషాల ముందే ఓ పెద్ద పిల్లాడు వాణ్ణి లారీలు చూపించడానికి గేటు దాకా తీసుకెళ్లేవాడు. కొరకడం ఆగింది. అంతా బాగైపోయిందని చెప్పను. వానాకాలంలో తలుపులు మూస్తే మళ్లీ అదే గోల. తాతగారు మాత్రం మళ్లీ రాలేదు.

వాడిది ఆటిజం. నా టీటీసీ శిక్షణలో ఆ మాటే వినలేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు రకాల వైకల్యాలే, అందులో అది లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచి ఆటిజాన్ని చేర్చింది, ఇలాంటి పిల్లల్ని అందరితో కలిపి చదివించాలంది. మంచి మాటే. కానీ పిల్లాణ్ణి తరగతిలోకి పంపి, వాణ్ణి చూసుకునే రెండో మనిషిని పంపకపోతే అది వాడికీ అన్యాయమే, మిగతా ఇరవై ఆరుగురికీ అన్యాయమే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టుంటే నెలకు ఆరు వేలు పింఛనొస్తుంది. ఆ డబ్బు తల్లికి ఆసరా, నిజమే. తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని గమనించే మనిషిని మాత్రం అది తేలేదు.

ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పది మంది పిల్లలకు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒక ప్రత్యేక టీచరుండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది. పోస్టులు సృష్టించండని 2025 మార్చిలో రాష్ట్రాలన్నిటినీ మళ్లీ ఆదేశించింది. ఆ ఏడాదే మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. అవి మండల కేంద్రంలో కుర్చీలుగా మిగలకుండా, చెరువు గట్ల మీది బళ్ల దాకా రావాలి.

కొరికించుకున్న పిల్ల తల్లిదండ్రులకూ ఒక మాట. ఈసారి పాఠశాల కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు "వాణ్ణి ఎప్పుడు పంపించేస్తారు?" అని కాదు, "ప్రత్యేక టీచరు మన బడికి ఏ వారం వస్తారు?" అని అడగండి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి.