జీరో టికెట్ విలువ 33 రూపాయలు

మహిళల ఉచిత బస్సు ప్రయాణం మీద ఇంత చర్చ జరిగింది గానీ, అందులో ఒక చిన్న భాగహారం మాత్రం కనిపించదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఈ ఉచిత ప్రయాణానికి మహాలక్ష్మి పథకం మొదలైంది. 2025 జులైకల్లా తెలంగాణ ఆర్టీసీ కండక్టర్లు మహిళలకు 200 కోట్ల జీరో టికెట్లు కొట్టారు. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వమే ప్రకటించింది. అంటే సగటున ఒక్కో టికెట్‌కు 33 రూపాయలు. వేల కోట్లు పోతున్నాయని వాపోయేవాళ్లు 6,680 దగ్గర ఆగిపోతారు. 33 దాకా రారు.

33 రూపాయలు పెద్ద మొత్తం కాదనుకునేది రోజూ బస్సెక్కని వాళ్లే. పోనూ రానూ 66. నెలకు 25 పని దినాలకు 1,650. పది వేల జీతం మీద బట్టల దుకాణంలో నిలబడే మహిళకు అది జీతంలో ఆరో వంతు. జిల్లాల్లో ఎక్స్‌ప్రెస్ బస్సుల దూర ప్రయాణాలు కలిసిన సగటు కాబట్టి నగరంలో లెక్క కొంత తగ్గుతుంది, నిజమే. తగ్గినా ఎంత మిగులుతుందో తమిళనాడు ముందే తేల్చింది. అక్కడ 2021లో సాధారణ బస్సుల్లో మహిళలకు టికెట్ తీసేశారు. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రణాళికా సంఘం అధ్యయనం చేస్తే ఒక్కో మహిళకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నట్టు తేలింది. పప్పు, నూనె, గ్యాస్ బండ ధరలు తెలిసిన ఏ ఇల్లాలైనా 888 రూపాయలంటే ఏమిటో చెబుతుంది. దాన్ని తాయిలం అనడం ఆ ఇంటి బడ్జెట్‌ను అవమానించడమే.

ఆర్టీసీ మునిగిపోతుందన్నది రెండో వాదన. జీరో టికెట్ అంటే డబ్బు రాని టికెట్ కాదు. ప్రయాణికురాలు కట్టాల్సిన చార్జీని ప్రభుత్వం కట్టాల్సిన టికెట్. ఆ సొమ్ము నెల నెలా డిపోకు చేరితే సంస్థకు అది నికరమైన ఆదాయం. ఆలస్యమైతే మాత్రం డీజిల్ బిల్లూ, జీతాలూ, పీఎఫ్ బకాయిలూ సంస్థ మెడకు చుట్టుకుంటాయి. కాబట్టి నిలదీయాల్సింది సచివాలయంలోని ఆర్థిక శాఖను. ఆధార్ కార్డు చూపించి సీట్లో కూర్చున్న మహిళను కాదు.

ఇక మెట్రో వాదన. ఉచిత బస్సుల వల్ల హైదరాబాద్ మెట్రోకు దెబ్బ తగిలిందని 2024లో ఆ మెట్రోను నిర్మించిన ఎల్ అండ్ టీ ఉన్నతాధికారి అన్నారు. ప్రధాని స్థాయిలోనూ అదే మాట వినిపించింది. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తుచేయాలి. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం మెట్రో తొలి దశను తన చేతిలోకి తీసుకోవడానికి ఒప్పుకుంది. సుమారు 13 వేల కోట్ల అప్పును నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడింది. ఎల్ అండ్ టీకి దాని వాటా కింద మరో 2 వేల కోట్లు ఇస్తామంది. అంతకుముందే కేంద్రం వయబిలిటీ గ్యాప్ నిధుల (ప్రాజెక్టు గిట్టుబాటయ్యేందుకు ఇచ్చే సాయం) కింద 1,458 కోట్లు మంజూరు చేసింది. ఇవన్నీ ప్రజల డబ్బే. వీటిని ఉచితాలని ఎవరూ పిలవలేదు. 200 కోట్ల ప్రయాణాలకు అయిన ఖర్చుకు దాదాపు రెండింతల అప్పు ఒక్క సంతకంతో ఖజానా మీద పడితే అది మౌలిక వసతి అయింది, 33 రూపాయల టికెట్ మాత్రం దుబారా అయింది. అప్పు తీరేసరికి పట్టాలూ రైళ్లూ ప్రభుత్వానికి మిగులుతాయన్న మాట సబబే. అలాగే 33 రూపాయలు కూడా ఎక్కడా ఆవిరైపోవు. పనికి వెళ్లిన మహిళ తెచ్చే జీతంలో అవి కనిపిస్తాయి.

మెట్రోకు రాయితీ ఇవ్వొద్దని దీనర్థం కాదు. ఇవ్వాల్సిందే. 2025 మేలో కనిష్ఠ చార్జీని 10 నుంచి 12కు, గరిష్ఠ చార్జీని 60 నుంచి 75కు పెంచారు. వారం తిరగకముందే పది శాతం తగ్గించి 11, 69గా మార్చారు. రోజూ నాగోల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లే చిరుద్యోగికి ఆ తగ్గింపు ఏ మూలకూ చాలదు.

మహిళలు బస్సులకు మళ్లడంతో గిరాకీ తగ్గిన ఆటో డ్రైవర్ల బాధ మాత్రం కాదనలేనిది. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న మహిళల ఉచిత బస్సు ప్రయాణానికి స్త్రీశక్తి పథకం తెచ్చి, అక్టోబర్‌లో ఆటో డ్రైవర్ల ఖాతాల్లో 15 వేల చొప్పున వేసింది. తెలంగాణలో ఏడాదికి 12 వేలు ఇస్తామన్న హామీ కాంగ్రెస్ మేనిఫెస్టోలోనే ఉంది.

అసలు కోపం రావాల్సింది మరో చోట. మహిళలకు టికెట్ తీసేసిన ప్రభుత్వమే మిగిలిన ప్రయాణికుల జేబులో చెయ్యి పెట్టింది. 2025 జూన్‌లో హైదరాబాద్ సిటీ ఆర్డినరీ నెల పాస్‌ను 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల పాస్‌ను 1,300 నుంచి 1,600కు పెంచారు. విద్యార్థుల పాస్ 400 నుంచి 600 అయింది. అక్టోబర్‌లో ఎలక్ట్రిక్ బస్సుల పేరు చెప్పి సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు వడ్డించారు. పాస్ లేని కూలీకి రానూపోనూ 20 చొప్పున నెలకు 500 అదనపు భారం. భార్యకు మిగిలిన డబ్బును భర్త టికెట్‌లోనూ కొడుకు పాస్‌లోనూ వసూలు చేసుకుంటే ఆ ఇంటికి ఒరిగిందేమిటి? మహిళకు 33 రూపాయలు ఇవ్వడం న్యాయమైతే, అదే సీటు పక్కన నిలబడిన సెక్యూరిటీ గార్డు దగ్గర పది రూపాయలు ఎక్కువ గుంజడం ఏ న్యాయం?

డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్లు ఫ్రాన్స్ వైపు చూడాలి. పారిస్ ప్రాంతంలో 1971 నుంచీ యజమానుల దగ్గర రవాణా పన్ను వసూలు చేస్తున్నారు. ఇప్పుడు 11 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలన్నీ కట్టాలి. ఆ పైన ఉద్యోగి పాస్ ఖర్చులో సగం యజమానే భరించాలి. ఉద్యోగి వేళకు పనికి చేరితే లాభపడేది సంస్థ కూడా కాబట్టి ఖర్చులో దానికీ భాగం ఉంది. గచ్చిబౌలి, మాదాపూర్ల అద్దాల భవనాలకు ఈ సూత్రం వర్తించకూడదనడానికి ఒక్క కారణమూ లేదు. ఎలక్ట్రిక్ బస్సులకు డబ్బు కావాలంటే అడగాల్సింది ఆ భవనాల యజమానులను. నాలుగో స్టేజీలో దిగే తాపీమేస్త్రీని కాదు.

బస్సులే లేనప్పుడు ఉచితానికీ చార్జీకీ పెద్ద తేడా ఉండదు. నగరాల్లో లక్ష జనాభాకు 60 బస్సులుంటేనే మేలైన సేవ అని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం. కోటికి పైగా జనం ఉన్న హైదరాబాద్‌లో ఆర్టీసీ నడిపేవి సుమారు 3 వేలు. అంటే ఆ ప్రమాణంలో సగం కూడా లేవు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగరంలో వందలాది బస్సులు తగ్గించిన పాపం ఇప్పటికీ ఫుట్‌బోర్డు మీద వేలాడుతోంది. కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2 వేల ఎలక్ట్రిక్ బస్సులూ వచ్చినా, పాతవాటిని తుక్కుకు పంపుతూ పోతే లెక్క పెద్దగా మారదు. బస్సులు చాలనందుకు మగవాళ్లు ఆడవాళ్లను తిడుతున్నారు, ఆడవాళ్లు కండక్టర్‌ను తిడుతున్నారు. బస్సులు కొనని పాలకులను ఎవరూ ఏమీ అనడం లేదు.

జీరో టికెట్ల సొమ్మును ఏ నెలకానెల ఆర్టీసీకి చెల్లించాలి. ఎంత చెల్లించారో డిపోల వారీగా బయటపెట్టాలి. విద్యార్థి పాస్‌ను తిరిగి 400కు దించాలి, అక్టోబర్ వడ్డింపును ఎత్తేయాలి, లక్షకు 60 బస్సుల లెక్కకు గడువు ప్రకటించాలి. ఇవేవీ చేయకుండా జీరో టికెట్ల సంఖ్యతో హోర్డింగులు పెట్టుకునే హక్కు ఈ ప్రభుత్వానికి లేదు. 13 వేల కోట్ల అప్పుకు తల ఊపి, 33 రూపాయల టికెట్ మీద విరుచుకుపడేవాళ్లకు ఆ ప్రభుత్వాన్ని విమర్శించే అర్హత అంతకన్నా లేదు.