నాడె ఆగిన రోజులు

మనలో చాలామందిమి యోబు గ్రంథము చదివినవారమే. ఆయన తన దినములను నేతగాని నాడెతో పోల్చి మాటలాడిన సంగతి ఎరుగుదుము. అయితే ఆ నాడెను దగ్గరగా చూచినవారు ఎందరు? మేము చూడలేదని సిగ్గుపడుచు ఒప్పుకొనుచున్నాము. గుడివాడ నుండి బందరు రైలులో ఎన్నో మారులు వెళ్ళాము గాని, పెడన ఊరిలోనికి మాత్రము ఎన్నడును పోలేదు. ఈ మారు బందరులో ఒక పెండ్లి చూచుకొని తిరిగి వచ్చుచు పెడనలో దిగిపోయాము. మా ఇద్దరిలో చీరల సంగతి తెలిసినవారు ఒక్కరే గనుక, దిగుదమన్న మాట ఎవరిదో పాఠకులే ఊహించుకొనవచ్చును.

తెలిసినవారు మమ్మును ఒక నేతపని ఇంటికి తీసికొనిపోయారు. ఆ ఇంటి ఆమె తన పేరు వ్రాయవద్దన్నది. "పుస్తకంలో పేరు పడితే వీధిలో నవ్వుతారండీ" అన్నది. అందువలన అక్క అనియే వ్రాయుచున్నాము. వయస్సు యాభైకి దగ్గరగా ఉండును. మేము గడపలో నిలుచున్నప్పుడు ఆమె మగ్గము గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని ఉన్నది. "ఈ కండె అయిపోనివ్వండమ్మా, మధ్యలో ఆపితే నాకు మనసు ఒప్పదు" అని చెప్పి, నాడె ఆడించుచునే మాకు పీటలు చూపించింది.

ముందు గది అంతయు మగ్గమే. నేలలో నడుము లోతు గుంట, అందులో తొక్కుడు కర్రలు. గోడ నుండి గోడ వరకు సాగదీసిన పడుగు. మిగిలిన మూలలో బియ్యపు బస్తా, చుట్టిపెట్టిన చాపలు, అమ్మాయి పుస్తకములు. ఒకసారి ఢిల్లీలో ఒక విదేశీ స్త్రీ అక్కను "మీ స్టూడియో ఎక్కడ?" అని అడిగినదట. అక్క నవ్వు ఆపుకొనలేక మాకు చెప్పింది: "స్టూడియో అంటే ఫొటోలు తీసేదనుకున్నానండీ. మాకు ఫొటోల షాపు లేదమ్మా అని చెప్పించాను. తరవాత మా పిల్ల చెప్పింది, పని చేసుకునే గదిని కూడా అలాగే అంటారని. అయితే ఇదే నా స్టూడియో. రాత్రి ఇందులోనే పడుకుంటాం."

మేము చూచినంతలో తెలిసినదేమనగా, మగ్గము మీది పని నేతపనిలో సగము మాత్రమే. చిలపలుగా వచ్చిన నూలును విప్పి రాట్నము మీద కండెలకు చుట్టవలెను. పడుగు పోయవలెను. తెల్లవారక ముందే ఆ పడుగును వీధి పొడవునా కట్టి, బియ్యపు గంజి పట్టించి, ఇద్దరు చెరియొక ప్రక్క నిలిచి కుంచెతో దువ్వవలెను. ఎండ ముదిరినచో గంజి బిగిసిపోవును, మబ్బు పట్టినచో ఆరదు. తరువాత అచ్చు అతకవలెను. అనగా పాత పడుగు చివరి పోగుకు క్రొత్త పడుగు మొదటి పోగును చేర్చి వ్రేళ్ళతో మెలిపెట్టుట. ఒక చీర వెడల్పులో ఆ పోగులు మూడు వేలకు దగ్గరగా ఉండునని అక్క చెప్పింది. ఈ పనులలో ఎక్కువ భాగము ఇంటి ఆడవారివే. వీటికి వేరుగా కూలి కట్టరు. చీరకు ఇచ్చే మజూరిలోనే అన్నియు కలిసిపోవును. ఆ మజూరి తీసికొనువాడు మగ్గము మీద కూర్చున్న మగవాడు.

అక్క కూడ ఇరవై ఏండ్లు ఆలాగే కండెలు చుట్టి, అచ్చులు అతికి, తనను ఎవరైన ఏమి చేయుదువని అడిగినప్పుడు "ఇంట్లోనే ఉంటానండీ" అని చెప్పుచు వచ్చినది. భర్తకు నడుము పట్టివేసి గుంటలో కూర్చొనలేని దశ వచ్చినప్పుడు, అప్పు తీసికొని తెచ్చిన నూలు మగ్గము మీద నిలిచిపోయింది. ఆ చీర ఎవరో ఒకరు ముగించవలెను గదా. అక్క దిగి కూర్చున్నది. చిన్నప్పుడు పుట్టింటిలో నేర్చినదే గనుక చేయి మరచిపోలేదు. ఇప్పుడు ఆయన రాట్నము దగ్గర కూర్చుని కండెలు చుట్టుచున్నారు. ఇరుగుపొరుగువారు మొదట కొంత వెక్కిరించారట. ఆయన మాకు మంచినీళ్ళు ఇచ్చుచు, "కండె సరిగా చుట్టకపోతే నాడెలో పోగు తెగుతుందండీ, నన్ను ఈవిడ తిట్టేది అప్పుడే" అన్నారు. ఆ మాట అనుటలో ఆయనకు ఏ మాత్రము చిన్నతనము కనబడలేదు. మా ఇంటిలోని మగవారికి ఈ మాట ప్రత్యేకముగా వినిపించవలెనని మాలో ఒకరు అన్నారు!

2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో దేశములో 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలారు. వారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలే. ఈశాన్య రాష్ట్రములలో ఇంటింట స్త్రీలు నేయుదురు గనుక ఆ లెక్కలో వారి వాటా పెద్దదన్నది నిజమే. కాని కండెలు చుట్టువారిని, అచ్చులు అతుకువారిని కూడ ఆ గణన పనివారిగానే లెక్కించింది. ఆంధ్రప్రదేశ్‌లో చేనేతవారికి యాభై ఏండ్లకే పింఛను ఉన్నది. కాబట్టి కాగితములో వృత్తి అన్నచోట ఏమి వ్రాసియున్నదన్నది చిన్న సంగతి కాదు. అక్క కాగితములలో చాల కాలము "గృహిణి" అనియే ఉన్నది.

ఆ మాట మారినది ప్రయాణము వలన. విజయవాడలో చేనేత ప్రదర్శనకు దరఖాస్తు నింపునప్పుడు వృత్తి అన్న గడి దగ్గర కూతురు కలము ఆపి, "ఏం రాయనమ్మా?" అని అడిగింది. "నేత అని రాయి" అన్నదట అక్క. చెప్పినది గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఎవరైన వచ్చి కాదందురేమోనని.

అప్పటి నుండి ఏటికి రెండు మూడు మారులు మూటలు కట్టుచున్నది. విజయవాడ, విశాఖపట్నము, హైదరాబాదు శిల్పారామము, ఒకసారి ఢిల్లీలో 1994లో తెరచిన దిల్లీ హాట్. సంవత్సరములో ఎక్కువ నెలలు షావుకారు ఇచ్చిన నూలుతో మజూరికే నేయును. మిగిలిన నెలలలో సొంత నూలు కొని, సొంత రంగులు ఎన్నుకొని నేసిన చీరలను ఈ ప్రదర్శనలకు తీసికొనిపోవును. ఢిల్లీ ప్రయాణములో హిందీ అంకెలు రైలులోనే నేర్చుకొన్నది. నాగపూరు వచ్చుసరికి యాభై వరకు వచ్చినవట. "అంతకు మించి ఎందుకండీ, తరవాత వందలేగా" అన్నది.

పెడన అన్న బోర్డు చూచి వచ్చినవారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: "కలంకారీ ఉందా?" ఊరి పేరు లోకమునకు తెలిసినది చెక్క అచ్చులతో అద్దే ఆ బట్ట వలననే. కరక్కాయ, పటిక, ఇనుప తుప్పు, బెల్లముతో రంగులు చేసి, పారే నీటిలో ఉతికి తీసే ఆ పనిని గూర్చి వేరుగా వ్రాయవలసినంత ఉన్నది. అయితే ఇప్పుడు ఆ అద్దకము చాలవరకు మిల్లు బట్ట మీద జరుగుచున్నది. అదే ఊరిలో మగ్గము మీద నేసిన చీరను చూపి "ఇదీ పెడనదే" అని చెప్పుటకు అక్కకు ప్రతి మారు అయిదు నిమిషములు పట్టును. ఆ అయిదు నిమిషములు నిలిచి వినువారు కొందరే. విన్నవారిలో సగము మంది కొందురు.

ఇక్కడ మాకు ఒక పాత సంగతి జ్ఞాపకము వచ్చినది. ఈ తీరపు బట్ట ప్రపంచమును చుట్టి వచ్చినది నేడు కాదు. 1611లోనే ఇంగ్లీషు వర్తకులు బందరులో కోఠీ పెట్టారు. డచ్చివారు అంతకు ముందే వచ్చారు. ఇక్కడి అద్దకపు గుడ్డలు పర్షియాకు, ఐరోపాకు పోయినవి. మన దేశపు అద్దకపు బట్టలకు జడిసి ఇంగ్లండు 1700లోను, 1721లోను వాటిని అరికట్టుటకు చట్టములు చేయవలసి వచ్చినది. అయితే పోయినది బట్టయే. నేసిన చేయి మగ్గము దగ్గరనే ఉండిపోయినది. ఆ బట్టను ఎవరు కట్టుకొన్నారో, బాగున్నదన్నారో లేదో దానికి తెలియదు. అక్కకు తెలియును. హైదరాబాదులో ఒక పెద్దావిడ చీరను చేతితో నిమిరి, "అంచు ఇంకొంచెము సన్నముగా ఉంటే రోజూ కట్టుకుంటాను" అన్నదట. మరుసటి పడుగులో అంచు సన్నమైనది. షావుకారు చెప్పకుండ ఆమె జీవితములో చేసిన మొదటి మార్పు అదే.

ఈ ప్రయాణములు సుఖమని ఎవరును అనుకొనవద్దు. ఒక చోట పందిరి కారి రెండు చీరలు తడిసి రంగు అంటినవి. ప్రక్క దుకాణములో మరమగ్గపు చీరను చేనేత అని సగము ధరకు అమ్ముచుండగా చూచుచు కూర్చొనవలసి వచ్చినది. అంచు చీరలను మరమగ్గముల మీద నేయరాదని 1985లో పార్లమెంటు చట్టము చేసినది. మొదట ఇరువది రెండు రకములకు ఉన్న ఆ రక్షణ తరువాత పదకొండుకు తగ్గినది; ఆ పదకొండులోనైనను చట్టము ఎంత అమలగుచున్నదో సంతలకు పోయినవారికి తెలియును. పాఠకురాండ్రకు ఉపయోగపడునని అక్కను గుర్తు చెప్పుమన్నాము. బట్ట వెడల్పు తగ్గకుండ నేయునప్పుడు ఒక కర్రను రెండు అంచులకు సూదులతో గుచ్చి నిలుపుదురు. దానిని జరుపుకొనుచు పోవుదురు గనుక, చేనేత చీర అంచుల వెంట సన్నని రంధ్రములు వరుసగా కనబడును. ఒకటి రెండు ఉతుకులలో అవి పూడుకొనును. 2006 నుండి హ్యాండ్‌లూమ్ మార్క్ ముద్ర కూడ ఉన్నది గాని, అక్క నమ్మేది ఆ రంధ్రములనే.

అన్నిటికంటె కష్టమైనది వేరు. ఆమె ఊరు విడిచిన ప్రతి దినము మగ్గము ఆగిపోవును. పది దినముల ప్రదర్శన అంటే రాకపోకలతో కలిపి పదమూడు, పదునాలుగు దినములు నాడె ఆడదు. మూడు దినములకు ఒక చీర చొప్పున చూచినను నాలుగు చీరలు నేయనట్టే. బండి ఛార్జీలు, భోజనము వేరు. చీరలు అమ్ముడుపోక మూట తిరిగి వచ్చిన మారు ఉన్నది. అప్పుడు నూలు అప్పు తీర్చుటకు కూతురి ఫీజు డబ్బు తీయవలసి వచ్చినది. దానికి తోడు వాన. ఈ డెల్టాలో నీరు పైననే ఉండును. గట్టి వాన కురిసినచో గుంటలోనికి నీరు ఊరును, కాళ్ళు పెట్టుటకు ఉండదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు చెంబులతో తోడి తోడి, మరల ఊరి, వారము దాటినను పని మొదలు కాలేదు. ప్రయాణములో ఆగిన రోజులు, నీటిలో ఆగిన రోజులు అని ఆమె రెండు లెక్కలు వేరుగా పెట్టుకొన్నది. "నీళ్ళ లెక్క దేవుడిది, ఊళ్ళ లెక్క నాది. నాది నేనే తగ్గించుకోవాలి కదండీ" అన్నది.

కూతురు డిగ్రీ చదువుచున్నది. బిల్లులు వ్రాయుట, ఫోనులో ఫొటోలు పంపుట, ఇంగ్లీషులో బేరము అన్నియు ఆమెయే. మగ్గము మీద కూర్చుందువా అని అడిగాము. అడుగకుండ ఉండవలసినదేమో. ఆ పిల్ల తల్లి వైపు చూచి, "అమ్మ ఊరెళ్ళినప్పుడు కూర్చుంటానండీ. రోజూ అంటే చెప్పలేను" అన్నది. తల్లి ఏమియు అనలేదు; క్రొత్త కండె నాడెలో పెట్టుకొన్నది.

బయలుదేరుటకు ముందు మాలో చీరల సంగతి తెలిసినవారు ఒక చీర ఎన్నుకొన్నారు. లేత పసుపు మీద సన్నని మిరప ఎరుపు అంచు. అక్క దానిని మరల విప్పి చూపించి, "ఇది వద్దండి, ఇందులో లోపం ఉంది" అన్నది. పడుగు బిగి వదలకుండ ఊరు వెళ్ళి, తిరిగి వచ్చి నేత మొదలుపెట్టిన చోట బట్టలో అడ్డముగా ఒక గీత పడునట. వెలుతురుకు ఎత్తి పట్టి చూపినప్పుడు గాని మాకు కనబడలేదు. ఢిల్లీ బండికి ఆలస్యమగునన్న తొందరలో పడుగు వదులు చేయుట మరచిపోయినదట.

ధర తగ్గించెదనన్నది. మేము తగ్గించనీయలేదు. ఆ చీరనే తెచ్చుకొన్నాము. గీత కొంగుకు మూర దూరములో ఉన్నది.