ఇల్లు చూడని వైద్యం సగమే

మా గది తలుపు మీద ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని రాసి ఉంటుంది. అది చదివి, ‘ఇక్కడ ఏదైనా ఉద్యోగం ఇప్పిస్తారా అండీ?’ అని అడిగినవారు ఉన్నారు. ఫిజియోథెరపీ అనుకొని వచ్చేవారు మరీ ఎక్కువ. తెలుగులో వృత్తి చికిత్స అంటారు గాని ఆ మాట కూడా పూర్తిగా సరిపోదు. అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం, స్నానం, బడి, పొలం పని... జబ్బు చేసి ఇలాంటివి చేసుకోలేకపోయిన మనిషి తిరిగి తన పని తాను చేసుకునేలా నేర్పించడమే మా పని.

మన దేశంలో ఈ విద్య కొత్తదేమీ కాదు. 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్‌గారు మొదటి శిక్షణ పాఠశాల ప్రారంభించారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌గారు 1954లో కారు ప్రమాదంలో రెండు కాళ్ళూ చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఆమె చొరవతోనే వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, మాలాంటివారు చేసే చికిత్స ఇప్పటికీ ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతోంది. అది సరికాదని మా అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం పక్షవాతంతో ఒక పెద్దాయన వచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఐదు వారాలు వార్డులో ఉండి ఎడమ చేత్తో తినడం, చొక్కా తొడుక్కోవడం, గోడకున్న కమ్మీ పట్టుకొని మరుగుదొడ్డికి వెళ్ళి రావడం నేర్చుకున్నారు. అందరం సంతోషంగా పంపించాం. నెలన్నర తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆయన్ని ఇద్దరు మోసుకొచ్చారు. ఏమైందని అడిగితే భార్య చెప్పింది: ‘మాకు దొడ్డి పెరట్లో ఉందండీ. రెండు మెట్లు దిగాలి. ఒకసారి జారి పడ్డారు. అప్పట్నుంచి మంచం దింపలేదు. పాపం, కష్టపెట్టడం ఎందుకని అన్నం కూడా నేనే తినిపిస్తున్నా.’

ఆ తల్లిని తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంటికి వెళ్ళాక ఆ మెట్లు ఎలా దిగుతారని ఐదు వారాల్లో మేము ఒక్కసారి కూడా అడగలేదు. మా బాత్‌రూములో నేర్పాం, ఆయన ఇంట్లో అలాంటి బాత్‌రూమే లేదు.

ఆ తర్వాత వాళ్ళ ఊరు వెళ్ళాం. మెట్ల పక్కన గట్టి వెదురు కట్టించాం. దొడ్లో కూర్చోవడానికి మధ్యలో రంధ్రం కోసిన కుర్చీ పెట్టించాం. చెంచా పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టి లావు చేశాం. ఖర్చు పెద్దగా కాలేదు. కుడి చెయ్యి పూర్తిగా రాలేదు, రాదని మాకూ తెలుసు. కాని ఆయన తన అన్నం తాను తింటున్నారు, పెరట్లోకి తనే వెళ్తున్నారు.

ఒకే చికిత్స చోటును బట్టి ఎంత మారిపోతుందో చూడండి. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన చేతికి ఆసుపత్రిలో వ్యాయామం నేర్పుతాం. కాని ఆ చెయ్యి కాలేది వంటింట్లో, వేడి గ్లాసు పట్టుకున్నప్పుడు. అక్కడ కావలసింది కొయ్య పిడి ఉన్న గిన్నె, మసిగుడ్డ, రోజూ సాయంత్రం అరచేతులు తిప్పి చూసుకునే అలవాటు. కుష్ఠు పోయిందనుకోకండి, దేశంలో ఏటా దాదాపు లక్షమందిలో కొత్తగా బయటపడుతూనే ఉంది. బడిలో అయితే బిడ్డ పాదాలు నేలకు ఆనేలా బల్ల కింద పీట వేయడమే సగం చికిత్స. మానసిక జబ్బు నుండి కోలుకుంటున్నవారికి యాభై రూపాయలిచ్చి కొట్టుకు పంపి, చిల్లర లెక్క చూసుకొని రమ్మంటాం. అదీ చికిత్సే.

‘ఉన్నదే కొద్దిమంది, మీరు ఊళ్ళు తిరిగితే వార్డులో ఎవరుంటారు?’ అని మా తోటివారే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయినా వారానికి ఒక్క రోజు ఇళ్ళకు వెళ్ళడానికి కేటాయించాలని మా మాట. పడి తుంటి విరిగి తిరిగి వచ్చే మనిషికి పట్టే మంచం, రోజులు లెక్క వేస్తే ఆ ఒక్క రోజు పెద్దదేం కాదు.

ఇంటివారికీ ఒక మాట. సేవ చేయండి, కాని ఆయన చేయగలిగింది ఆయన్నే చేయనివ్వండి, ఆలస్యమైనా సరే. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. ఆ చెయ్యి పట్టుకొని లాగి లేపకండి, భుజం కీలు జారుతుంది. సంఘ పెద్దలు మందిరం మెట్ల పక్కన వాలుదారి కట్టించదలిస్తే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీని ఎవరో ఒకరు తోయవలసిందే.

డిశ్చార్జికి ముందు మీ ఇంటి గుమ్మం, మరుగుదొడ్డి, మంచం ఫోనులో ఫొటో తీసి మాకు చూపించండి. మెట్టు ఎత్తు జానతో కొలిచి చెప్పినా చాలు.