మూడేళ్లకి కారు కంపెనీకే తిరిగి ఇచ్చేయాలా? మన భద్రాచలం రోడ్డు మీద లెక్క వేరు

ఫోన్ల దగ్గర "అష్యూర్డ్ బైబ్యాక్" అనే మాట మనకి కొత్తేం కాదు. ఏడాది తర్వాత తిరిగిస్తే ఇంత శాతం ఇస్తాం అంటారు. తీరా వెళ్లాక స్క్రీన్ మీద గీత ఉందని, ఛార్జర్ ఒరిజినల్ కాదని ఒక్కో వెయ్యి కోసుకుంటూ వస్తారు. ఫోన్ కాబట్టి రెండు మూడు వేలతో సరిపెట్టుకుంటాం. ఇప్పుడు అదే మాట ఎలక్ట్రిక్ కార్లకి వచ్చింది. ఇక్కడ తేడా వస్తే పోయేది లక్షల్లో.

ఎంజీ విండ్సర్‌నే తీసుకుందాం. 2024 సెప్టెంబర్‌లో లాంచ్ అయినప్పుడు కంపెనీ చెప్పిన మాట: 3 ఏళ్లు, 45,000 కిలోమీటర్ల లోపు తిరిగిస్తే కారు విలువలో 60 శాతం గ్యారంటీ. డెలివరీలు అక్టోబర్‌లో మొదలయ్యాయి. అంటే మొదటి బ్యాచ్ ఓనర్లకి 2027 అక్టోబర్‌లో "అమ్మాలా, ఉంచుకోవాలా" అనే ప్రశ్న ఎదురవుతుంది. ఇదే కంపెనీ అంతకుముందు హెక్టర్ పెట్రోల్, డీజిల్ కార్లకి 60 శాతం ఇచ్చి, జెడ్‌ఎస్ ఈవీకి మాత్రం 50 దగ్గరే ఆగింది. అప్పట్లో బ్యాటరీ మీద వాళ్లకే అంత నమ్మకం లేదన్నమాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు ఉండేవాళ్లకి ఈ గ్యారంటీ హైదరాబాద్ వాళ్లకంటే ఎక్కువ అవసరం. కానీ మన తిరుగుడికి అది చాలామందికి చేతికి అందదు. అందుకే ఎప్పుడు అమ్మాలో తేల్చుకోవడానికి మూడో ఏడు దాకా ఆగకండి. మొదటి ఏడాది పూర్తయిన రోజు ఓడోమీటర్ చూసి తేల్చేయండి.

ఎందుకు ఎక్కువ అవసరం అంటే, మన దగ్గర సెకండ్ హ్యాండ్ ఈవీకి గిరాకీ లేదు. ఖమ్మంలో ఒక స్విఫ్ట్ అమ్మకానికి ఉందని కన్సల్టెన్సీ వాళ్లకి ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఇద్దరు ముగ్గురు చూడ్డానికి వస్తారు. అదే ఎలక్ట్రిక్ కారంటే ముందు అడిగేది రేటు కాదు, "బ్యాటరీ సంగతేంటి?" అని. పాల్వంచలో ఉండే మా బాబాయి కూడా అంతే. "ఏరా, సగం రేటుకి వచ్చినా సరే, రేపు అది ఆగిపోతే సారపాకలో ఎవరు చూస్తారు దాన్ని?" అంటాడు. ఇంజనీరింగ్ చదివిన నా దగ్గర ఆయనకి చెప్పడానికి మంచి సమాధానం లేదు. స్పానర్ పట్టిన ప్రతి మెకానిక్ పెట్రోల్ కారు బానెట్ ఎత్తుతాడు, హై ఓల్టేజ్ బ్యాటరీ జోలికి మాత్రం రాడు. కొనేవాడికి ఆ భయం ఉన్నంతకాలం అమ్మేవాడికి రేటు రాదు. కంపెనీయే కొంటానంటే ఆ భయాన్ని వాళ్ల నెత్తిన పెట్టేసినట్టు.

ఇంకో భయం ప్రభుత్వాలు, కంపెనీలు తీసుకునే నిర్ణయాల వల్ల వచ్చేది. 2024 ఫిబ్రవరిలో టాటా నెక్సాన్ ఈవీ రేటు లక్షా 20 వేల దాకా తగ్గించింది. అదే నెలలో ఎంజీ కామెట్ కూడా సుమారు లక్ష తగ్గి 6.99 లక్షలకి వచ్చింది. కొత్తది అంత తగ్గితే, నిన్న కొన్నవాడి పాత కారు రేటు కూడా ఆ రాత్రికే పడిపోయినట్టు. పెట్రోల్ కార్ల వాళ్లకి ఇదే అనుభవం 2025 సెప్టెంబర్ 22న, చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగినప్పుడు వచ్చింది. కొన్న రోజే బైబ్యాక్ రేటు రాసి ఉంటే ఇలాంటివి మీకు తగలవు.

మరి ఆ 60 శాతం పెద్ద ఔదార్యమా అంటే, కాదు. మన మోటార్ ఇన్సూరెన్స్‌లో ఐడీవీ లెక్కకి వాడే తరుగుదల పట్టిక చూడండి. మూడేళ్లు దాటిన కారుకి 40 శాతం తీసేస్తారు. మిగిలేది అదే 60. అంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఎప్పట్నుంచో వేస్తున్న లెక్కనే కంపెనీ గ్యారంటీ అని పెద్దక్షరాల్లో రాసింది. గ్యారంటీకి విలువ ఉంది, కాదనను. కానీ షోరూమ్‌లో చెప్పినంత లేదు.

ఇక కిలోమీటర్ల సంగతి. అసలు కథ ఇక్కడే.

45,000 కిలోమీటర్లని 36 నెలలకి పంచితే నెలకి 1,250. రోజుకి 41. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లొచ్చేవాడికి ఇది బోలెడు. మన దగ్గరికి రండి. కొత్తగూడెంలో ఇల్లు, భద్రాచలంలో ఉద్యోగం ఉన్న టీచర్లు, బ్యాంకు వాళ్లు ఎంతమంది లేరు! దారి ఒకవైపే సుమారు 40 కిలోమీటర్లు. రానూపోనూ 80, నెలకి 25 రోజులంటే 2,000. రెండేళ్లు నిండకముందే 45,000 అయిపోతుంది. మూడో ఏడు వచ్చేసరికి ఆ గ్యారంటీ కాగితం డ్యాష్‌బోర్డ్ కింద పడి ఉండే పాత టోల్ రసీదుతో సమానం.

వారానికి ఒక్కసారే ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లొచ్చేవాళ్ల సంగతి చూద్దాం. దూరం సుమారు 120. రానూపోనూ 240, ఏడాదికి 12,480, మూడేళ్లకి 37,440. మిగతా అన్నిటికీ, అంటే కూరగాయలకి, పెళ్లిళ్లకి, హైదరాబాద్ ట్రిప్పులకి, నెలకి 210 కిలోమీటర్లు మిగులుతాయి. ఒక్క హైదరాబాద్ ప్రయాణమే రానూపోనూ 400. ఇక చూసుకోండి. ఈవీ కొనేదే ఎక్కువ తిరిగి పెట్రోల్ డబ్బు మిగుల్చుకోవడానికి. ఎక్కువ తిరిగితే గ్యారంటీ పోతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. దీన్ని షోరూమ్‌లో ఎవరూ మనకి విడమర్చి చెప్పరు, అది వాళ్ల పని కాదు కూడా.

డబ్బు చేతికి ఎంత వస్తుందో కూడా ఒకసారి చూద్దాం. విండ్సర్ లాంచ్ అప్పటి ప్రారంభ ఎక్స్-షోరూమ్ ధర, బ్యాటరీతో కలిపి, 13.50 లక్షలు. అందులో 60 శాతం 8.10 లక్షలు. ఇప్పుడు 12 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 7 ఏళ్లు అనుకోండి. ఈఎంఐ సుమారు 19,300. మూడేళ్లు కట్టాక ఇంకా సుమారు 7.76 లక్షలు బాకీ ఉంటుంది. బైబ్యాక్ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. మీ చేతికి వచ్చేది 34 వేలు. లోన్ ముందే క్లోజ్ చేసినందుకు ఛార్జీ పడితే అది కూడా ఇందులోంచే. "మూడేళ్లకి ఇచ్చేసి, వచ్చిన డబ్బుతో కొత్త మోడల్‌కి డౌన్ పేమెంట్ కడతా" అనుకునే ఫ్రెండ్స్ నాకు ముగ్గురున్నారు. ఈ 34 వేల లెక్క చూపిస్తే ఒకడు లోన్‌ని 5 ఏళ్లకి మార్చుకున్నాడు. అది తెలివైన పని. ఇన్సూరెన్స్‌కి, యాక్సెసరీలకి పెట్టింది కూడా తిరిగి వస్తుందని అనుకోకండి. బ్యాటరీని అద్దెకి తీసుకునే బాస్ ప్లాన్‌లో కొంటే ఆ 60 శాతం ఏ ధర మీదో ముందే కాగితం మీద రాయించుకోండి, నోటి మాట వద్దు.

ఉంచుకోవడానికి బలమైన కారణం వారంటీ. విండ్సర్‌కి మొదటి ఓనర్ దగ్గర ఉన్నంతకాలం లైఫ్‌టైమ్ బ్యాటరీ వారంటీ. చేతులు మారితే అది 8 ఏళ్లు, లక్షా 60 వేల కిలోమీటర్లకి తగ్గుతుంది. అంటే అదే కారు మీ దగ్గర ఉంటే ఎక్కువ విలువ, అమ్మిన మరుక్షణం తక్కువ విలువ. ఫోన్లలో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. రోజుకి 80 కిలోమీటర్లు తిరిగేవాడికి ఈ వారంటీ 60 శాతం గ్యారంటీకంటే పెద్ద ఆస్తి. 45,000 కిలోమీటర్లకి 5.40 లక్షలు పోగొట్టుకుంటే కిలోమీటర్‌కి తరుగుదల 12 రూపాయలు. అదే కారుని లక్ష కిలోమీటర్ల దాకా నడిపి 4 లక్షలకే అమ్ముకున్నా కిలోమీటర్‌కి 9 రూపాయల 50 పైసలు. నేనైతే రెండోదే చేస్తా.

ఇలాంటి ప్రశ్న ప్రపంచంలో చాలా పెద్ద ఎత్తున వచ్చింది ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ స్కామ్‌లో. 2015 సెప్టెంబర్‌లో మోసం బయటపడ్డాక, 2016 అక్టోబర్‌లో అమెరికా కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌లో సుమారు 4 లక్షల 75 వేల 2.0 లీటర్ డీజిల్ కార్ల ఓనర్లకి ఒక అవకాశం ఇచ్చారు: కారు కంపెనీకి తిరిగి అమ్మండి, లేదా రిపేర్ చేయించుకుని ఉంచుకోండి. ఇందుకోసం వెయ్యి కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. అందులో తమాషా ఏంటంటే, బైబ్యాక్ ధరని 2015 సెప్టెంబర్ నాటి విలువకి కట్టేశారు. నెలకి 1,042 మైళ్ల దాకా తిరిగినా ధర తగ్గదు. దాంతో లెక్క తెలిసినవాళ్లు తొందరపడలేదు. 2018 సెప్టెంబర్ దాకా క్లెయిమ్‌కి గడువు ఉంది కాబట్టి, తరుగుదల లేకుండా ఆ కారునే నడుపుకుంటూ కూర్చున్నారు. అక్కడ ధర ఆగిపోయి ఉంది కాబట్టి ఆలస్యమే లాభం. మన దగ్గర తేదీ, కిలోమీటర్లు రెండూ ఆగిపోయి ఉన్నాయి. కాబట్టి ఆలస్యం చేస్తే నష్టం మనకే. అదీగాక మైళ్ల పరిమితి అక్కడ నెలకి సుమారు 1,670 కిలోమీటర్లు, ఇక్కడ 1,250.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో రిస్క్ ఉంది. నీళ్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది, ఇళ్ల ముందు పెట్టిన కార్లు మునిగాయి. నీళ్లు తాకిన కారుని ఏ బైబ్యాక్ ఇన్‌స్పెక్షన్‌లోనూ పూర్తి రేటుకి తీసుకోరు, సర్వీస్ రికార్డులో ఆ రిపేర్ అలాగే ఉండిపోతుంది. నది పక్కన ఉండేవాళ్లు బైబ్యాక్ గురించి ఆలోచించే ముందు ఇన్సూరెన్స్‌లో రిటర్న్ టు ఇన్‌వాయిస్ కవర్ తీసుకోవడం నయం. కారు పూర్తిగా పోతే ఐడీవీ కాకుండా బిల్లు ధర ఇస్తుంది, మామూలుగా మొదటి మూడేళ్లకి దొరుకుతుంది. అలాగే చర్ల, దుమ్ముగూడెం రోడ్లలో, చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్‌లో తిరిగేవాళ్లు కారు కింద బ్యాటరీ ప్యాక్ అడుగుభాగాన్ని ప్రతి సర్వీస్‌లో లిఫ్ట్ మీద పెట్టించి చూసుకోవాలి. తిరిగిచ్చే రోజు వాళ్లు మొదట చూసేది అదే. మణుగూరు బొగ్గు లారీల వెనక వెళ్తే ముందు అద్దానికి తగిలే రాళ్ల సంగతి మీకు తెలిసిందే.

సరే, నెలకి 1,250 లోపే తిరుగుతారు, మూడో ఏడు వచ్చింది. అప్పుడేం చేయాలి? గడువుకి మూడు నెలల ముందు హైదరాబాద్‌లో, విజయవాడలో అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఎంతకి పోతోందో చూడండి. అడిగే రేటు కాదు, అమ్ముడుపోయిన రేటు. తెలంగాణలో ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకే అని 2024 నవంబర్‌లో వచ్చిన పాలసీలో ఉంది. అది పొడిగించకపోతే కొత్త ఈవీల ఆన్‌రోడ్ ధర పెరిగి, ట్యాక్స్ లేకుండా కొన్న మీ పాత కారుకి బయట గిరాకీ రావచ్చు. అప్పుడు 60 శాతం తక్కువే అనిపిస్తుంది. బైబ్యాక్ మీ హక్కే తప్ప బాధ్యత కాదు, బయట ఎక్కువ వస్తే బయటే అమ్మండి. పొడిగిస్తే మాత్రం పాత ఈవీ రేటు లేచే అవకాశం తక్కువ, కంపెనీకే ఇచ్చేయండి.

బయట డీలర్‌కి అమ్మేటట్టయితే ఆథరైజ్డ్ డీలరా కాదా అడిగి, ఫారం 29సి ఆన్‌లైన్‌లో ఎక్కించాకే తాళాలు ఇవ్వండి. 2023 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి ఉంది, అది ఎక్కాక కారు బాధ్యత డీలర్‌ది. ఎవరికి ఇచ్చినా ఫాస్టాగ్ క్లోజ్ చేసి, కారు యాప్‌లోంచి మీ అకౌంట్ తీసేసి, ఇన్ఫోటైన్‌మెంట్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఇంటి లొకేషన్, కాంటాక్ట్స్, డిజిటల్ కీ అన్నీ అందులోనే ఉంటాయి. రీసెట్‌కి ముందు మాత్రం సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ ప్రింట్ తీయించి దగ్గర పెట్టుకోండి, బేరం జరిగేటప్పుడు టేబుల్ మీద పెట్టడానికి.