మనలో ఒకరిపై కేసు పడితే మిగతావాళ్లం ఏం చేయాలి?



మన ఊళ్లల్లో థింసా బృందాలున్నాయి, డప్పు బృందాలున్నాయి, యూత్ సంఘాలున్నాయి. వాటిలో ఒక్కరి మీద కేసు పడితే చాలు, మిగతావాళ్లు రెండుగా చీలిపోతారు. కొందరు "వాడికీ మాకూ సంబంధం లేదు" అని వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు. కొందరు ఏం జరిగిందో తెలుసుకోకుండానే "మావోడు అలాంటోడు కాదు" అని గొడవకు దిగుతారు. ఈ రెండూ సరైన దారులు కావని మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి అమెరికాలోని రెండు రాక్ బ్యాండ్ల సంగతి చూద్దాం.

మొదటిది లాంబ్ ఆఫ్ గాడ్. 2010లో ప్రాగ్ నగరంలో వాళ్ల కచేరీ జరిగింది. స్టేజీ ఎక్కిన 19 ఏళ్ల అభిమాని కిందపడి తలకు దెబ్బ తగిలి, కొన్నాళ్లకు చనిపోయాడు. 2012 జూన్‌లో బ్యాండ్ మళ్లీ ప్రాగ్‌లో దిగినప్పుడు, ఆ కుర్రాడిని తోసేశాడంటూ గాయకుడు రాండీ బ్లైత్‌ను ఎయిర్‌పోర్టులోనే అరెస్టు చేశారు. ఐదు వారాలు జైల్లో ఉన్నాడు. బెయిలు డబ్బు కట్టాక కూడా వదల్లేదు, ఆ మొత్తాన్ని రెట్టింపు చేశారు. అదీ కట్టాకే బయటికొచ్చాడు. టూర్లు రద్దయ్యాయి, లాయర్ల ఖర్చు నెత్తిన పడింది. అయినా బ్యాండ్ అతన్ని వదల్లేదు.

అసలు విషయం ఆ తర్వాతే ఉంది. అమెరికాకు వచ్చేశాక అతను అక్కడే ఉండిపోవచ్చు. కానీ 2013లో విచారణకు తనంతట తానే తిరిగి వెళ్లాడు. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబానికి జవాబు దొరకాలన్నాడు. నైతిక బాధ్యత ఉన్నా నేరం కాదని, భద్రత సరిగా చూడని నిర్వాహకులది పెద్ద తప్పని కోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది.

రెండోది యాజ్ ఐ లే డైయింగ్. గాయకుడు టిమ్ లాంబెసిస్ భార్యను చంపించడానికి కిరాయి మాట్లాడి 2013 మేలో దొరికిపోయాడు. కిరాయి హంతకుడనుకున్నవాడు మఫ్టీలో ఉన్న పోలీసు! 2014లో నేరం ఒప్పుకున్నాడు, ఆరేళ్ల శిక్ష పడింది. మిగతా నలుగురూ అతని కోసం అబద్ధం మోయలేదు. ఇంకో గాయకుడితో వోవెన్‌వార్ అనే కొత్త బ్యాండ్ పెట్టుకుని తమ పని తాము చేసుకున్నారు. అతను జైలు నుంచి వచ్చాకే, 2018లో, పాత బ్యాండ్ మళ్లీ కలిసింది.

రెండు బ్యాండ్లూ రెండు దారులు పట్టాయి. ఎందుకంటే జరిగిన విషయాలు వేరు. అందుకే మేము అనేది ఇదీ: మనిషికి లాయర్ని పెట్టడం వేరు, మనిషి చేసిన తప్పును వెనకేసుకురావడం వేరు. మొదటిది ప్రతి ఒక్కరికీ చేయాలి. రెండోది ఎవరికీ చేయకూడదు.

మన దగ్గర అడవి కేసులైనా, గంజాయి మూట మోయించిన కేసులైనా, ఇరుక్కునేది ఎక్కువగా పేదింటి కుర్రాళ్లే. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతాడు. 15100కి ఫోన్ చేసినా చాలు. ఇది మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? మనవాడు జైల్లో ఉంటే వాయిదా తేదీ గుర్తుపెట్టుకుని కోర్టుకు వెళ్లేవాళ్లు ఎంతమంది? గ్రూపులో "తోడుంటాం" అని రాయడం కన్నా ఆ ఇంటివాళ్లకు బస్సు చార్జీ ఇవ్వడం మేలు.

ఇంకొక్క మాట. కేసు వెనకాల దెబ్బ తిన్న అమ్మాయో, చనిపోయిన అబ్బాయో ఉంటే, వాళ్ల ఇంటికి కూడా మనం వెళ్లాలి. ముఖ్యంగా వాళ్లూ మన గూడెం వాళ్లే అయినప్పుడు. పంచాయితీ పెట్టి, డబ్బులిచ్చి వాళ్ల నోరు మూయించడం సంఘం పని కాదు.

ప్రతి సంఘం ఈ నెల మీటింగులోనే ఇద్దరిని ఈ పనికి పెట్టుకోండి, మండల న్యాయ సేవల కమిటీ ఎక్కడుందో కనుక్కోండి. కేసు పడ్డాక వెతుక్కునే టైం ఉండదు.