పాత పల్లెలో పరిగె ఏరినవాళ్లెక్కడ?



సంక్రాంతి వస్తుందంటే మన పర్చూరు వైపు స్కూళ్లలో కూడా పాత పల్లె కడుతున్నారు. పూరిల్లు, ఎడ్లబండి, రోలు, రోకలి. హైదరాబాదు మాదాపూర్‌లో 1992లో మొదలైన శిల్పారామంలో అయితే నిలువెత్తు బొమ్మలతో ఒక పల్లెనే నిలబెట్టారు. మంచిదే. మన పిల్లలు చాలామంది విసుర్రాయిని ఇలాంటి చోటే చూస్తున్నారు.

అయితే స్కూళ్లు కట్టే పల్లెలో ఏడాది పొడవునా సంక్రాంతే! వానకోసం ఆకాశం వంక చూసే రోజులుండవు. పత్తి తీతలకు గీరుకుపోయిన వేళ్లుండవు. మిరపకోతల్లో ఘాటుకు కళ్లు మండుతుంటే, చంటిబిడ్డను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో వేసి సాలు పట్టిన తల్లి ఉండదు. మన సంఘంలో పెద్దలు అనేకులు ఆ ఉయ్యాలలో పెరిగినవారే. కొందరి తాతలు అప్పుకింద పాలేర్లు. వెట్టిని రద్దుచేసిన చట్టం 1976లో గానీ రాలేదు.

రూతు గ్రంథం చూడండి. రెండవ అధ్యాయంలో యవలకోత మొదలుకొని గోధుమకోత ముగిసేదాకా కాలం నడుస్తుంది. కథ మాత్రం ఆసామి గుమ్మంలో కాదు, పరిగె ఏరుకునే పరదేశి వెంట నడుస్తుంది. సాయంత్రానికి ఆమెకు ఎంత దొరికిందో కూడా రాశారు: దాదాపు తూమెడు.

ఈసారి మన సండే స్కూలు పిల్లల్ని గుడిసె పక్కన మిరపకల్లం కూడా పెట్టమన్నాం. ఉయ్యాల కట్టి చూపిస్తానని ఒక మామ్మ ఒప్పుకుంది. పాత చీర ఆమే తెస్తుందట.