సగం విప్పిన తూటా

బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ 28 ఏళ్లకే చనిపోయాడు. 1993 మార్చి 31న నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో ‘ద క్రో’ సినిమా చిత్రీకరణ జరుగుతుండగా అతనికి బుల్లెట్ తగిలింది. అప్పుడు రివాల్వర్‌లో పెట్టింది బుల్లెట్ లేని ఉత్త బ్లాంక్. మరి బుల్లెట్ ఎక్కడిది? అంతకుముందు ఒక క్లోజప్ కోసం డమ్మీ తూటాలు కావాల్సి వచ్చాయి. యూనిట్‌వాళ్లు అసలు తూటాల్లోంచి బుల్లెట్లు పీకి, పౌడర్ పారబోసి, బుల్లెట్లను మళ్లీ బిగించారు. అడుగున ఉండి, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్లను మాత్రం వదిలేశారు. అలాంటి ఒక తూటా రివాల్వర్‌లో ఉండగా ట్రిగ్గర్ నొక్కారు. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను గొట్టంలోకి నెడితే, అది అక్కడే ఇరుక్కుంది. తర్వాత పేల్చిన బ్లాంక్ దాన్ని బయటికి తన్నింది.

తూటా చేయడం గురించి ఎంతైనా మాట్లాడతారు కానీ, దాన్ని విప్పడం కూడా అంతే బాధ్యత గల పని అని ఒప్పుకునేవాళ్లు తక్కువ. అమెరికాలో ఈ రెండు పనులూ ఇళ్లల్లోనే జరుగుతుంటాయి. అక్కడ సొంత వాడకానికి ఇంట్లో తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తేనే కావాలి. గరాజ్‌లో ఒక బల్ల, దానికి బిగించిన ప్రెస్, పక్కన చిన్న త్రాసు ఉంటే చాలు. కాలిన ఇత్తడి గుల్లలో కొత్త ప్రైమర్ దూర్చి, పౌడర్ పోసి, బుల్లెట్ బిగిస్తారు. ఆ బల్ల దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. చేసినవాడే తనిఖీదారు కూడా.

ఆ తనిఖీ ఎక్కడ తప్పుతుందో చెప్పడానికి .38 స్పెషల్ మంచి ఉదాహరణ. 19వ శతాబ్దం చివర, పొగలు కక్కే పాత నల్ల గన్‌పౌడర్ కోసం పుట్టిన తూటా కాబట్టి దీని గుల్ల విశాలం. ఇప్పటి పౌడర్‌తో టార్గెట్ షూటింగ్‌కు చేసే తూటాల్లో కొన్నింటికి మూడు గ్రెయిన్లు కూడా పట్టదు. గ్రాముకు దాదాపు 15.4 గ్రెయిన్లు, అంటే అది చిటికెడు. పొరపాటున రెండుసార్లు పోసినా గుల్ల నిండదు, పొంగి పొర్లి హెచ్చరించదు. బుల్లెట్ బిగించాక పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అసలు పౌడరే పడకపోతే విల్మింగ్టన్ కథే: బుల్లెట్ గొట్టంలో ఆగిపోతుంది, ఆ సంగతి తెలియక ఇంకోటి పేల్చితే గొట్టం పగలొచ్చు. యాభై తూటాలు చేశాక “అందులో ఒకదాంట్లో రెండుసార్లు పోశానా?” అని అనుమానం వస్తే యాభైనీ విప్పాల్సిందే. చాలామంది తడబడేది ఇక్కడే. పిస్టల్ తూటా ఖరీదు డాలరులోపే, విప్పడానికేమో ఒక సాయంత్రం పోతుంది. ఆ సాయంత్రాన్ని లెక్కేసుకునేవాడికి ఈ సరదా తగదు.

పనిముట్టు మాత్రం చాలా సాదా. ఎక్కువమంది దగ్గర ఉండేది బోలు తల ఉన్న ప్లాస్టిక్ సుత్తి. తూటాను అంచు పట్టి అందులో బిగించి, గట్టి చెక్క మీద కొడతారు. సుత్తి ఠక్కున ఆగుతుంది, గుల్ల దానితోపాటే ఆగుతుంది. బరువైన బుల్లెట్ మాత్రం న్యూటన్ చెప్పినట్టు ముందుకు సాగి ఊడి వస్తుంది, పౌడర్ తలలోనే రాలుతుంది. మొండి తూటాలకు నాలుగైదు దెబ్బలు పడతాయి, ఇంట్లోవాళ్ల సహనానికి పరీక్షే. ప్రెస్‌కు బిగించి, బుల్లెట్‌ను పట్టి లాగే కాలెట్ రకం నిశ్శబ్దంగా, వేగంగా పనిచేస్తుంది కానీ మెత్తటి సీసం బుల్లెట్ల మీద పట్టు జారుతుంది. పాత సైనిక తూటాల్లో తారు లాంటి పూతతో బుల్లెట్ అతుక్కుపోయి ఉంటే, అనుభవజ్ఞులు ముందు దాన్ని వెంట్రుకవాసి లోపలికి నొక్కి పట్టు వదిలించి, తర్వాత పీకుతారు.

విప్పడం అంటే తప్పు దిద్దుకోవడమే కానక్కర్లేదు. అమెరికా సైనిక షూటర్లు ఒకప్పుడు 7.62 మి.మీ. మ్యాచ్ (పోటీ) తూటాల్లోంచి 173 గ్రెయిన్ల బుల్లెట్లు పీకి, వాటి చోట 168 గ్రెయిన్ల సియెర్రా కంపెనీ బుల్లెట్లు పెట్టుకునేవారు. ఫ్యాక్టరీ పౌడర్, ఫ్యాక్టరీ ప్రైమర్ అలాగే ఉండేవి, గురి మాత్రం మెరుగయ్యేది. అక్కడ లోపల ఏముందో తెలుసు.

తెలియనిచోట పొదుపు పనికిరాదు. 2020-21లో ప్రైమర్లు, తూటాలు దొరకనప్పుడు పాతవి విప్పి సామాను వాడుకుందామన్న ఆశ పుట్టడం సహజమే. బుల్లెట్ తీసుకోవచ్చు, గుల్ల తీసుకోవచ్చు. ఊరూ పేరూ తెలియని పౌడర్‌ను మాత్రం మళ్లీ సీసాలో పోయకూడదు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు పౌడర్లు మండే వేగంలో బొత్తిగా వేరు కావచ్చు. పౌడర్‌లో నత్రజని ఉంటుంది కాబట్టి కొందరు పెరట్లో గడ్డి మీద చల్లేస్తారు. దానికి అంతకన్నా మంచి గతి లేదు. విప్పిన గుల్లలో మిగిలిన ప్రైమర్ నూనె చుక్క వేస్తే చచ్చిపోతుందన్న నమ్మకం కూడా వదులుకోవాల్సిందే.

మన దేశంలో ఈ పని గరాజ్ సరదా కాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్‌లో వాడే .22 తూటాకైతే ఈ ప్రశ్నే రాదు. దాని పేలుడు మిశ్రమం అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో మళ్లీ నింపలేరు. సుత్తిలో పెట్టి కొడితే చేతిలోనే పేలొచ్చు.

అమెరికాలో స్థిరపడి షూటింగ్ రేంజ్‌లకు వెళ్లే తెలుగువాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే సంగతే. పాత తుపాకీ కొన్నప్పుడు దాంతోపాటు లేబుల్ లేని తూటాల డబ్బా ఒకటి ఉచితంగా రావచ్చు. పొరుగాయన తాను చేసినవంటూ ప్రేమగా ఓ పిడికెడు ఇవ్వొచ్చు. మొహమాటం లేకుండా వాటిని పేల్చకుండా పక్కన పెట్టాలి, వీలైతే పని తెలిసినవాళ్లతో విప్పించాలి. అలా చేతితో చేసిన తూటాలు వాడి తుపాకీ పాడైతే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే అచ్చు వేస్తాయి.